పదిహేడో నంబరు

జూలై 7, 2025

ఒప్పుకున్నాను.

డీఎస్పీ గారు స్వయంగా ఫోన్ చేశారు. కొత్తరేవు కాలనీ కుర్రాళ్ళ కోసం స్టేషన్ వాళ్ళు ఏడాదిగా ఒక కార్యక్రమం నడుపుతున్నారు. సాయంత్రం వాలీబాల్, తర్వాత గంటసేపు చదువు, నెలకోసారి ఎవరో ఒక ఆఫీసరు ఉపన్యాసం. పేరు 'కొత్త అడుగు'. కుర్రాళ్ళు బ్లేడు బ్యాచ్‌ల్లో చేరకుండా ఆపడం ఉద్దేశం. దానివల్ల ఏమైనా మారిందా లేదా లెక్క తేల్చి రిపోర్టు ఇవ్వాలి. పోలీసులే నడిపి పోలీసులే బాగుందంటే పైవాళ్ళు నమ్మరట. బయటి మనిషి కావాలి. డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఒక్కేళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మనిషైతే మరీ మంచిదట.

'మీకూ కాస్త కాలక్షేపంగా ఉంటుందండి పాల్ గారూ,' అన్నారు. ఎవరో చెప్పి ఉంటారు.

దేవకుమారి లేక అయిదు నెలలైంది.

జూలై 9

కొత్తరేవు వెళ్ళాను. మా వీధి నుంచి పదిహేను నిమిషాల నడక. గోదావరి గట్టు దిగితే కాలనీ. రాజమండ్రిలో ఇన్నేళ్ళున్నాను, ఒక్కసారీ అటు దిగలేదు. దేవకుమారి వెళ్ళేది. బుధవారాలు, చర్చి స్త్రీల సమాజం వాళ్ళతో ప్రార్థనకి.

కార్యక్రమం చూసుకునేది హెడ్ కానిస్టేబుల్ గంగరాజు. యాభై దాటిన మనిషి. మోకాలికి పట్టీ వేసుకుని నెట్ పక్కన నిలబడి అరుస్తున్నాడు.

'ఒరేయ్, నిన్ను బంతి కొట్టమన్నాను, మీ బావ మూతి కొట్టమన్లేదు!'

కుర్రాళ్ళు నవ్వారు. భయానికి నవ్విన నవ్వు కాదది. రాసుకున్నాను.

'మాస్టారండి, ఒక్క ముక్కలో చెప్పేస్తాను,' అన్నాడు గంగరాజు. 'ఇంతకుముందు ఈ టైముకి వీళ్ళంతా ఆ రైలు కట్ట మీద ఉండేవారు. ఇప్పుడిక్కడున్నారు. అదేనండి రిజల్టు.'

'ఇప్పుడు కట్ట మీద ఎవరూ లేరాండి?'

కొంచెం ఆలోచించాడు. 'ఉన్నారండి. వాళ్ళు వేరేవాళ్ళు.'

జూలై 11

స్టేషన్ అంకెలు ఇచ్చారు. కాలనీలో కొట్లాట కేసులు నిరుడు ముప్ఫైనాలుగు, ఈ ఏడాది పంతొమ్మిది. డీఎస్పీ గారి దృష్టిలో ఇక చెప్పేదేముంది.

గంగరాజుని విడిగా అడిగాను. 'కేసు కడితే అంకె పెరుగుద్ది కదండీ. కార్యక్రమం నడిచేచోట పెరిగితే బాగోదని ఇద్దర్నీ కూర్చోబెట్టి, రాజీ చేసి పంపేస్తున్నాం,' అన్నాడు. దాచాలన్న ఆలోచన కూడా లేదతనికి.

కాబట్టి తగ్గింది దెబ్బలో, రాయడమో తెలియదు.

కార్యక్రమం లేని ఇంకో కాలనీతో పోలుద్దామన్నాను. డీఎస్పీ గారికి నచ్చలేదు. 'ఇక్కడ చేశాం, అక్కడ చెయ్యలేదు అని మా అంతట మేమే కాగితం మీద పెట్టుకోవాలాండి?'

ఇక మిగిలింది కుర్రాళ్ళనే అడగడం. ఇప్పుడొకసారి, నాలుగు నెలల తర్వాత ఒకసారి. అవే ప్రశ్నలు, ఆ కుర్రాళ్ళే.

జూలై 12

దేవకుమారి ఫోన్ రీచార్జ్ చేశాను. గ్యాస్ కనెక్షన్ ఆ నంబరు మీద ఉంది.

జూలై 16

ప్రశ్నపత్రం తయారైంది. పద్నాలుగు ప్రశ్నలు. ముఖ్యమైనది పదకొండోది: 'గత నెల రోజుల్లో బ్లేడు గాని కత్తి గాని వెంట పెట్టుకుని తిరిగావా? అయితే ఎందుకు?'

అయిదుగురితో రాయించి చూశాను. గంగరాజు గదిలోనే కూర్చున్నాడు. అయిదుగురూ 'లేదు' అని రాశారు. ఒకడు లేచి, 'సార్, బ్లేడంటే ఏంటండి?' అన్నాడు. గది గదంతా నవ్వు. గంగరాజు కూడా.

యూనిఫాం ఉన్నంతసేపూ నిజం రాదు. అసలు రోజు పోలీసులెవరూ గదిలో ఉండకూడదు. పేర్లు రాయించకూడదు. ఈ రెండూ డీఎస్పీ గారిచేత ఒప్పించాను. చాలా రోజుల తర్వాత గొంతు పెంచి మాట్లాడాను.

జూలై 18

పేర్లు వద్దన్నాక నంబర్లు కావాలి. లేకపోతే నవంబరులో ఎవడి రెండో కాగితం ఎవడి మొదటి కాగితంతో జత కలపాలో తెలియదు. హాజరుపట్టీ వరసలోనే 1 నుంచి 41 వరకు ఇచ్చాను. వాళ్ళకీ గుర్తుంటుంది, నాకూ తేలిక.

జూలై 19

పొద్దుట్నుంచీ వాన. వరద నీళ్ళు గ్రౌండులోకొచ్చాయి. కమ్యూనిటీ హాల్లో పెట్టాం. నలభైఒక్క మందిలో ముప్ఫైఎనిమిది మంది వచ్చారు. హాలు ఒక్కటే గది. గంగరాజుని బయటికి వెళ్ళమన్నాను. చూరు కింద గొడుగు వేసుకుని నలభై నిమిషాలు నిలబడ్డాడు. కిటికీలోంచి ఒకడు, 'సార్, లోపలికి రాకండి, లెక్క తప్పిపోద్ది!' అని కేకేశాడు.

'నువ్వు ముందు స్పెల్లింగ్ తప్పకుండా రాయరా,' అన్నాడు వానలోంచి.

ఈ కాగితాలు నేను తప్ప ఎవరూ చూడరని మూడుసార్లు చెప్పాను.

అందరికంటే చివర లేచినవాడు ఉదయ్‌కుమార్. పంతొమ్మిదేళ్ళు. ఇంటర్ తప్పి టెంట్ హౌస్‌లో పని చేస్తున్నాడు. కాగితం నా చేతికిస్తూ ఆగాడు.

'ఇది మీరొక్కరే చూస్తారాండి?'

'నేనొక్కడినే.'

'మీరు దేవకుమారమ్మగారి భర్త కదండీ?'

అవునన్నాను.

'మా అమ్మకి సుగరొచ్చినప్పుడు ఆవిడే ఆస్పత్రికి తీసుకెళ్ళారండి. రిపోర్టు కూడా ఆవిడే చదివి చెప్పారు.'

అతను కాగితం మళ్ళీ తీసుకుని, గోడకి ఆనించి, ఒకచోట కొట్టేసి, ఏదో రాసి ఇచ్చి వెళ్ళిపోయాడు.

జూలై 20

చర్చికి వెళ్ళలేదు. మంచం మీద పరిచి లెక్కపెట్టాను.

ముప్ఫైఎనిమిదిలో పదకొండు మంది 'ఉంది' అని రాశారు. పదహారో తారీకున సున్నా, నిన్న పదకొండు. తేడా గంగరాజు కుర్చీ. ఇన్నేళ్ళ పాఠంలో ఇంత శుభ్రమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

పదిహేడో నంబరు, ఉదయ్. 'లేదు' కొట్టేసి 'ఉంది' అని రాశాడు. కింద: 'టెంట్ పని నుంచి వచ్చేసరికి లేటవుద్ది. కట్ట మీద వాళ్ళు ఆపుతున్నారు. గంజాయి పొట్లం కొవ్వూరు పట్టుకెళ్ళమన్నారు. పట్టుకెళ్ళనన్నాను. ఒకసారి కొట్టారు. సగం బ్లేడు ఫోన్ కవర్లో పెట్టుకుంటాను. ఎవర్నీ కొయ్యలేదు.'

సంతోషించాను. రాసుకోవడానికి సిగ్గేమీ లేదు. నిజం వచ్చింది.

జూలై 21

కాగితాల కట్ట స్టేషన్ బీరువాలో పెట్టించాను. గంగరాజు తాళం వేశాడు. ఇంట్లో టేబుల్ ఖాళీ లేదు. పైగా వాన రోజులు, తేమ.

ఆగస్టు 3

పాస్టరు గారు గుమ్మం దగ్గర ఆపి, సమాధి రాయి మీద ఏ వాక్యం వేయించాలనుకుంటున్నారు అన్నారు. ఆలోచిస్తున్నానన్నాను.

ఆగస్టు 10

పరీక్షకి రాని ముగ్గురి గురించి విచారించాను. ఒకడు హైదరాబాదులో పనికి పోయాడు. ఒకడు పెద్దాపురంలో అక్క దగ్గరున్నాడు. ఒకడు జైల్లో ఉన్నాడు, జూన్ నుంచి.

అసలు మారాల్సినవాడు ఆ మూడోవాడు. అతని గురించి నా దగ్గర ఏ అంకే లేదు. వచ్చేవాళ్ళు ఎలాగూ వచ్చేవాళ్ళే. కానీ లెక్కకి ఒక నియమం ఉండాలి. 'రెండుసార్లూ హాజరైనవారిని మాత్రమే పరిగణించాలి' అని రిపోర్టు మొదటి పేజీలో రాశాను. ఎక్కడైనా అంతే.

ఆగస్టు 17

నిన్న రాత్రి కట్ట దగ్గర హరిబాబు అనే ఆటో డ్రైవరుని మెడ మీద బ్లేడుతో కోశారు. ఎవరో తెలియదు. ఆస్పత్రిలో ఉన్నాడు. పేపర్లో నాలుగు లైన్లు.

ఆగస్టు 18

గ్రౌండులో ఎవరూ లేరు. నెట్ కట్టి ఉంది.

స్టేషన్‌కి వెళ్ళాను. గంగరాజు వరండాలోకి వచ్చి గుసగుసగా మాట్లాడాడు. నిన్న పొద్దున్న సీఐ గారు బీరువా తాళం అడిగారు. ఇచ్చాడు. సాయంత్రానికి పదకొండు మందిని తీసుకొచ్చారు.

'ఏ పదకొండు మందిని?'

బీరువా ఉన్న గది వైపు చూశాడు.

'అందులో పేర్లు లేవు కదండీ. నంబర్లే కదా.'

'అవునండి.'

'పేర్లు లేవు, గంగరాజు గారూ.'

'పక్కన పట్టీ పెట్టుకుంటే పేరొచ్చేస్తది కదండీ, మాస్టారండి. ఒకటో నంబరు ఒకటో పేరే కదా.' నా మొహం చూసి ఆగిపోయాడు. 'మీకు తెలిసే ఇచ్చారనుకున్నానండి నేను.'

పేర్లు లేవు. నేను పేర్లు రాయించలేదు.

ఆగస్టు 19

ముప్ఫై ఒక్కేళ్ళు పిల్లల్ని రోల్ నంబరుతో పిలిచాను. నంబరంటే నాకు అదే. పేరు కొట్టేసి నంబరు వేస్తే మనిషిని దాచేశాననుకున్నాను. నలభైఒక్క నంబర్లు చీటీలేసి కలిపేస్తే పది నిమిషాల పని. పట్టీ ఎవరి చేతిలో ఉంటుందో నాకు తెలుసు. ఆ పట్టీ నాకిచ్చిందే గంగరాజు.

నా ప్రశ్నపత్రాలన్నీ అచ్చుకి వెళ్ళేముందు దేవకుమారి ఒకసారి చూసేది. లెక్కలు రావు తనకి. అయినా ఏడాదికొకటైనా తప్పు పట్టుకునేది.

టేబుల్ ఖాళీ లేదని రాశాను. టేబుల్ మీద ఉన్నవి ఇవీ: స్కాన్ ఫైలు. కళ్ళజోడు. సగం వాడిన మాత్రల అట్ట. ఆస్పత్రి నుంచి తెచ్చిన సంచి, విప్పలేదు. అన్నీ కలిపి ఒక అట్టపెట్టెలో పడతాయి. తీయడం ఇష్టంలేక కాగితాలు తీసుకెళ్ళి పోలీసుల బీరువాలో పెట్టాను. తేమ అని రాశాను.

ఆగస్టు 20

పదిమందిని వదిలేశారు. ఇద్దరు కుంటుతున్నారట.

ఉదయ్‌ని వదల్లేదు. ఫోన్ కవర్లో సగం బ్లేడు దొరికింది. అతను రాసిన చోటే. హరిబాబు కేసులో రిమాండుకి పంపారు.

వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి మెర్సీ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో శుభ్రం చేసే పని చేస్తుంది. తిడుతుందనుకుని వెళ్ళాను. కుర్చీ తుడిచి వేసింది.

'అమ్మగారు పోయినప్పుడు రాలేకపోయామండి. డ్యూటీలో ఉన్నాను,' అంది.

కార్యక్రమం కాగితాల సంగతి చెప్పాను. నా తప్పని చెప్పాను. విన్నది.

'ముందు లేదని రాశాడంట కదండీ. ఇంటికొచ్చి చెప్పాడు. మళ్ళీ మార్చి రాశానమ్మా, అమ్మగారింట్లో మనిషికి అబద్ధం ఎందుకూ అన్నాడు.'

నేను లేచాను.

'కూర్చోండి సార్. ఆ రాత్రి వాడు ఊళ్ళోనే లేడండి. నిడదవోల్లో పెళ్ళికి కుర్చీలు దింపడానికెళ్ళాడు. తెల్లారి వ్యానులో వచ్చాడు. కొవ్వూరు టెంట్ హౌస్ బంగార్రాజు గారిని అడగండి. మేం అడిగితే మాట్లాడట్లేదు. మీరు చదువుకున్నవాళ్ళు కదా.'

ఆగస్టు 23

బంగార్రాజు మర్యాదస్తుడు. కాఫీ తెప్పించాడు.

'నిడదవోలు పెళ్ళికి ఆరుగురే వెళ్ళారండి. పుస్తకం చూస్కోండి.'

చూశాను. ఆరు పేర్లు. ఉదయ్ లేడు.

'రోజుకూలీ వాళ్ళ పేర్లు పుస్తకంలో రాస్తారాండి?'

'మీరు లెక్కల మాస్టారని విన్నాను. పాయింటు మీదకే వచ్చారే,' అని నవ్వాడు. 'రాయమండి. అందుకే ఆరుగురంటున్నాను.'

'అంటే ఏడుగురు వెళ్ళారు.'

'అలా నేననలేదండి. చూడండి, నిరుడు ఎవడో నా వ్యానులో ఏదో వేశాడని స్టేషన్‌లో పెట్టేసుకున్నారు. పెళ్ళిళ్ళ సీజను మొత్తం నా బండి అక్కడే ఎండింది. ఇప్పుడు నేనెళ్ళి పోలీసులు పట్టుకున్నోడు నా దగ్గరున్నాడని చెప్పాలా?' గొంతు తగ్గించాడు. 'వాడు మంచోడేనండి. బయటికొస్తే పనిస్తాను.'

'బయటికి రావాలంటే మీరు చెప్పాలి.'

'అదొక్కటీ అడక్కండి.'

వంతెన మీద బస్సు ఆగిపోయింది. గోదావరి ఎర్రగా నిండుగా ఉంది. వచ్చేశాను.

ఆగస్టు 25

హరిబాబు చనిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలట. కేసు ఇప్పుడు హత్య.

ఆగస్టు 27

శ్రీదుర్గని కలిశాను. 2009 బ్యాచ్, నా దగ్గర చదివిన పిల్ల. క్రిమినల్ లాయరు. ఉదయ్ కేసు తీసుకుంది.

నేను సాక్ష్యం చెప్తానన్నాను. నమ్మకం మీద ఇచ్చిన కాగితాన్ని వాడుకుని కుర్రాణ్ణి పట్టుకున్నారని, అందులోనే 'ఎవర్నీ కొయ్యలేదు' అని కూడా ఉందని కోర్టులో చెప్తాను.

ఆమె ఫైలు నా వైపు తిప్పింది. 'చదవండి సార్.'

'విశ్వసనీయ సమాచారం మేరకు నిందితుని అదుపులోకి తీసుకొని సోదా చేయగా.'

'ఫైలు మొత్తం వెతికాను. మీ కాగితం ప్రస్తావన ఎక్కడా లేదు. లేని కాగితం గురించి ఏం సాక్ష్యం చెప్తారు?'

'మరి ఈ విశ్వసనీయ సమాచారం?'

'అది మీరే కదా సార్,' అంది. ఎగతాళిగా కాదు. బోర్డు మీద లెక్క చేసి చూపించినట్టు అంది.

ఆగస్టు 29

గంగరాజు కాగితాల కట్ట తెచ్చి ఇచ్చాడు. ముప్ఫైఎనిమిదీ ఉన్నాయి. పదకొండింటి మూల జిరాక్స్ తీసేటప్పుడు పడిన మడత ఉంది.

'నేను తాళం ఇవ్వకుండా ఉండాల్సిందాండి?' అన్నాడు.

'ఇవ్వకపోతే?'

'ఇంకోటి చేయించేవారు.'

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

సెప్టెంబరు 8

ఇక మానేస్తానని డీఎస్పీ గారికి చెప్పడానికి వెళ్ళాను.

ఆయన సంతోషంగా ఉన్నారు. హాజరు నలభైఒకటి నుంచి యాభైఏడుకి పెరిగింది. తల్లులే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దింపుతున్నారు. ఒక్కరోజు రాకపోయినా అనుమానం వస్తుందని వాళ్ళ భయం. ఆయన ఆ మాట అనలేదు. 'జనంలో నమ్మకం పెరిగిందండి,' అన్నారు.

మానేస్తానన్న మాట నేనూ అనలేదు.

శ్రీదుర్గ చెప్పినందుకు అనలేదు. 'రిపోర్టు మీ చేతిలో ఉంది సార్. జరిగింది అందులో రాయండి. గవర్నమెంటు కాగితంలో ఒక్క పేజీ ఉంటే హైకోర్టులో బెయిలుకి పట్టుకెళ్తాను. ఫైల్లో లేని కాగితం అప్పుడు ఉన్నట్టవుతుంది.'

ఆ ఒక్క పేజీ కోసం ఉంటాను.

సెప్టెంబరు 24

కింది కోర్టులో బెయిలు కొట్టేశారు.

అక్టోబరు 6

ఆవిడ ఫోన్ రీచార్జ్. స్త్రీల సమాజం గ్రూపులో నూట పన్నెండు మెసేజీలు. చదవలేదు.

అక్టోబరు 19

టేబుల్ ఖాళీ చేశాను. ఒక అట్టపెట్టె సరిపోయింది. ఇప్పుడు టేబుల్ మీద ముప్ఫైఎనిమిది కాగితాలు ఉన్నాయి. ఎందుకూ పనికిరాని భద్రత.

నవంబరు 15

రెండోసారి.

ముప్ఫైనాలుగు మంది పాతవాళ్ళు వచ్చారు. గంగరాజు నేను చెప్పకుండానే బయటికి వెళ్ళిపోయాడు. ఎండగా ఉంది, చూరు కిందికి కూడా వెళ్ళలేదు, గేటు దాటి రోడ్డు మీద నిలబడ్డాడు.

ఇష్టం లేనివాళ్ళు రాయక్కర్లేదన్నాను. ఖాళీగా ఇవ్వొచ్చన్నాను. ఈసారి నంబర్లు కూడా వద్దన్నాను. కానీ అందరూ ఎవరి నంబరు వాళ్ళు వేశారు. వెయ్యకపోతే దాస్తున్నట్టుంటుందని కాబోలు. కొందరు పేరు కూడా రాశారు.

ప్రశ్న చదవకముందే జవాబు పెట్టేస్తున్నారు.

'పదకొండోది చదివావా బాబూ?'

'చదవక్కర్లేదండి. లేదండి.'

జూలైలో కిటికీలోంచి అరిచిన కుర్రాడు లేచాడు. 'సార్, పన్నెండోదానికి కూడా లేదని రాయొచ్చాండి?'

పన్నెండో ప్రశ్న: 'నీకు సాయం కావలసివస్తే చెప్పుకోవడానికి ఎవరైనా ఉన్నారా?'

రాయమన్నాను.

పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. గంగరాజు లోపలికొచ్చి నాలుగు కాగితాలు తిరగేశాడు.

'అన్నీ సున్నాలేనా అండి?'

'అన్నీ.'

'కూడిక కూడా అక్కర్లేదు.' కుర్చీలు మడతపెట్టడం మొదలుపెట్టాడు. 'పదకొండు నుంచి సున్నా. నాకు మెడల్‌కి రాస్తున్నారంటండి.'

'తీసుకుంటారా?'

'తీసుకోకపోతే వాడొస్తాడాండి?'

నవంబరు 21

రిపోర్టు ఇచ్చాను. తొమ్మిది పేజీలు. ఆరో పేజీ అంతా జరిగిందే: నంబర్లు ఎలా ఇచ్చాను, కాగితాలు ఎక్కడ పెట్టాను, ఎవరు తీశారు, ఎంతమందిని తెచ్చారు, పదిహేడో నంబరు ఏం రాశాడు, దాని తర్వాత రెండో విడత జవాబులకి ఎందుకు విలువ లేదు. నా తప్పు నా పేరుతోనే రాశాను. రెండు ప్రతులు తీసి ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాను.

రెండో ప్రతి శ్రీదుర్గకి ఇవ్వబోయాను. 'ఇది మీ కాగితం సార్. వాళ్ళు సీలేసి తీసుకున్నదే పనికొస్తుంది. అచ్చయి రానీండి,' అంది.

నవంబరు 28

అచ్చయి వచ్చింది. మంచి కాగితం, రంగుల అట్ట, లోపల వాలీబాల్ ఫోటో. ఎనిమిది పేజీలు.

ఫోన్ చేశాను. డీఎస్పీ గారు మర్యాదగానే మాట్లాడారు. 'ఆరో పేజీ కార్యక్రమం గురించి కాదు కదండీ, కేసు గురించి. కేసు కోర్టులో ఉంది. మనం రాయకూడదు. మీ పట్టిక మాత్రం అక్షరం మార్చలేదండి.'

నిజమే. ఒక్కటే సరిచేశారు. అది నా నియమం ప్రకారమే. రెండుసార్లూ హాజరైనవారు: 34. ఆయుధం వెంట ఉన్నవారు, మొదటి విడత: 10. రెండో విడత: 0.

పదకొండు కాదు, పది. పదిహేడో నంబరు రెండోసారి రాలేదు కాబట్టి మొదటిసారి కూడా లేడు.

జనవరి నుంచి కొవ్వూరు, నిడదవోలులో కూడా మొదలుపెడతారట. ఎనిమిదో పేజీలో ఉంది: 'విజయ్ పాల్ గారు రూపొందించిన పద్ధతి ప్రకారం.'

నవంబరు 29

శ్రీదుర్గ రిపోర్టు రెండుసార్లు తిరగేసింది. 'దీంతో నేను చెయ్యగలిగింది ఏమీ లేదు సార్. వాళ్ళ లాయరు మాత్రం పట్టుకెళ్ళొచ్చు. కార్యక్రమానికి రాకుండా పోయిన కుర్రాడే ఇలా అయ్యాడంటాడు.'

టీ చెప్పింది. తాగాం.

డిసెంబరు 2

మెర్సీతో కలిసి జైలుకి వెళ్ళాను. ఇన్నాళ్ళలో మొదటిసారి. లోపల నిలబడడానికి పది నిమిషాలు ఇస్తారు. మధ్యలో ఇనప జాలీ. అటూ ఇటూ అందరూ ఒకేసారి అరుస్తారు.

ఉదయ్ సన్నబడ్డాడు. జుట్టు కత్తిరించారు. ముందు తల్లితో మాట్లాడాడు. సుగర్ మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగాడు. ఆమె నా వైపు చూసి పక్కకి జరిగింది.

'బాగున్నారాండి సార్?'

క్షమించమని అడగడానికి వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. 'బాగున్నాను,' అన్నాను.

'రెండో పేపరు పెట్టారంటండీ. మొన్న మా కాలనీవాడొకడు వచ్చాడులెండి లోపలికి, వాడు చెప్పాడు.'

'పెట్టాను.'

'నాకు ఇవ్వలేదు కదండీ. మరి నాది ఎలా లెక్కేశారు?'

'రెండుసార్లూ రాసినవాళ్ళనే లెక్కేస్తారు, ఉదయ్.'

'అయితే నన్ను తీసేశారా?'

తీసేశారు అనబోయాను. 'తీసేశాను,' అన్నాను.

అతను జాలీ దగ్గరికి వచ్చాడు. మొహంలో ఏదో వెలిగింది.

'మొదటి పేపరు కూడానా అండి? అది కూడా లేనట్టేనా?'

'లెక్కలో లేదు.'

'అది లేకపోతే మరి నన్నెందుకు ఉంచారండి? మీరొకసారి చెప్పండి సార్ వాళ్ళకి. ఆ పేపరు తీసేశామని చెప్పండి. దానివల్లే కదా నేనిక్కడున్నది. తెలీదేమో వాళ్ళకి.'

టైమైపోయింది. బయటికి వచ్చేశాం.

బస్సులో మెర్సీ, 'వాడు ఏమన్నాడండి? గోలలో వినపడలేదు,' అంది. మీ ఆరోగ్యం గురించి అడిగాడన్నాను.

టైమైపోయింది అని పైన రాశాను. అప్పటికి నా వాచీలో ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నాయి.